గ్యారేజీలో పగడాలు, ఎనిమోన్ల పెంపకం: ప్రాజెక్టు డైరీ

ఉత్తర డాలస్ శివార్లలో, మా ఇంటి గ్యారేజీలో పగడాలూ సముద్రపు ఎనిమోన్లూ (పువ్వులా కనిపించే మెత్తని సముద్ర జీవులు) పెంచి, ముక్కలు చేసి, అవి కుదురుకున్నాక అమ్ముతున్నాం. ప్లంబింగు, కరెంటు పని మా ఆయన చూస్తారు. నీళ్ళ పరీక్షలు, కోతలు, లెక్కలు నావి. ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి డబ్బు ఎక్కడ పోతుందో, ఏది మార్చాక పని నిలబడిందో తెలియాలని దశలవారీగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఇండియాలో దీన్ని ఇలాగే చేయడానికి లేదు. అక్కడ రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. సముద్రంలోంచి తీసినా, కొన్నా, అమ్మినా నేరం. మన తీరంలో ఉండి ఈ రంగంలోకి రావాలనుకుంటే క్లౌన్ ఫిష్ (ఎనిమోన్లలో ఉండే చిన్న చేప) పిల్లల ఉత్పత్తి ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) ఆ పద్ధతిని ఎప్పుడో సిద్ధం చేసింది. అమెరికాలో పెంచి అమ్మవచ్చు గానీ, రాతి పగడాలన్నీ సైటీస్ (ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీది) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి పర్మిట్ లేకుండా ముక్క కూడా దేశం దాటకూడదు. 2014లో ఇక్కడి ప్రభుత్వం 20 పగడపు జాతుల్ని ముప్పులో ఉన్నవిగా ప్రకటించింది. అందుకే జాతి పేరు, ఎవరి దగ్గర పెరిగిందో తెలియని పగడాన్ని మేం తల్లి పగడంగా (ముక్కలు కోయడానికి ఉంచుకునేదిగా) పెట్టుకోం. వీసా మాట కూడా చెప్పాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు దీన్ని వ్యాపారంగా నడపకూడదు. మేం గ్రీన్ కార్డు వచ్చాకే, రాష్ట్రం ఇచ్చే సేల్స్ ట్యాక్స్ పర్మిట్ తీసుకుని మొదలుపెట్టాం. ఇక్కడ స్థానిక పన్నుతో కలిపి 8.25 శాతం వసూలు చేసి కట్టాలి.

దశ 1: నీళ్ళు, తొట్లు

రెండు తొట్లు, ఒక్కోటి 48×24×12 అంగుళాలు. కింద ఒక సంప్ (నీరు వచ్చి చేరి, తిరిగి పైకి వెళ్ళే తొట్టి). అన్నీ కలిపి నిజంగా తిరిగే నీరు 530 లీటర్లు. ఈ అంకె గోడ మీద పెద్దగా రాసి పెట్టుకోండి, మందు లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి. పగడం ముక్కలకు లోతు అక్కర్లేదు. లోతు తక్కువైతే తక్కువ లైటుతో సరిపోతుంది, చెయ్యి అడుగుదాకా అందుతుంది.

మొదటి దెబ్బ ఉప్పు కలపకముందే తగిలింది. ఆర్వో యూనిట్ చివర, మిగిలిన లవణాలను పట్టుకోవడానికి ఉండే డీఐ రెసిన్ నెలలు రావాల్సింది వారాల్లోనే రంగు మారిపోయింది. కారణం మా ఊళ్ళకు వచ్చే నీరు. ఉత్తర టెక్సస్ జలమండలి ఏడాదిలో ఎక్కువ కాలం క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన శుద్ధి మందు) వాడుతుంది, వసంతంలో కొన్ని వారాలు మాత్రం మామూలు క్లోరిన్‌కి మారుతుంది. సాధారణ కార్బన్ బ్లాకుకి క్లోరమైన్ సరిగ్గా విరగదు. విరిగిన మేరకు అమ్మోనియా మిగులుతుంది, అది ఆర్వో పొరను దాటి రెసిన్‌ని తినేస్తుంది.

మార్చినవి:
1. మామూలు కార్బన్ తీసి, క్లోరమైన్ కోసం చేసిన కెటలిటిక్ కార్బన్ బ్లాకులు రెండు వరసగా పెట్టాం.
2. ప్రతి నెలా కార్బన్ తర్వాతి నీటిలో టోటల్ క్లోరిన్ పరీక్ష. సున్నా రాకపోతే బ్లాకు మార్చడమే.
3. చివర టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 0 చూపిస్తేనే ఉప్పు కలపడం.

ఉప్పు సాంద్రత 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35). దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్ళతో సున్నాకి సరిచేస్తే చాలదు, 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో చూడాలి. మాది అలా చూస్తే 2 పీపీటీ తేడా వచ్చింది.

ఇప్పటివరకు పెట్టుబడి: 3,530 డాలర్లు (తొట్లు, స్టాండు 900, పాత లైట్లు 1,100, పంపులు, హీటర్లు, కంట్రోలర్ 620, ఆర్వో 310, నురగతో మలినాలు తీసే స్కిమ్మర్ 250, పరీక్ష కిట్లు 230, ఉప్పు 120). రాబడి: 0.

దశ 2: మరీ శుభ్రమైన నీళ్ళ సమస్య

అడుగున ఇసుక లేదు, చేపలు రెండే, స్కిమ్మర్ పెద్దది. పరీక్షల్లో నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0. చూడ్డానికి బాగున్న అంకెలివి, కానీ పగడాలకు ఇది ఆకలి. కొన్నాళ్ళకు పెట్టిన కొద్దిపాటి ముక్కల మీద గోధుమ రంగు జిగురు తీగలు, వాటిలో బుడగలు. రాత్రి తగ్గి, మధ్యాహ్నానికి మళ్ళీ నిండేవి. చిన్న మైక్రోస్కోపు కొని చూస్తే కన్నీటి బొట్టు ఆకారంలో, ఒకే చోట గిరగిరా ఊగే కణాలు కనిపించాయి. ఆస్ట్రియాప్సిస్ అనే డైనోఫ్లాజెల్లేట్ (ఏకకణ సూక్ష్మజీవి) అది. మైక్రోస్కోపు లేకుండా మందు వేయొద్దని గట్టిగా చెబుతాను. అన్ని డైనోలకూ ఒకే వైద్యం పనిచేయదు. ఇది రాత్రి నీటిలోకి తేలుతుంది కాబట్టి యూవీ దీపానికి దొరికింది. అడుగునే ఉండిపోయే రకమైతే యూవీ డబ్బు దండగ అయ్యేది.

చేసినవి:
1. సోడియం నైట్రేట్ కొద్దికొద్దిగా వేసి నైట్రేట్ 8 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో 8), ఫాస్ఫేట్ 0.08కి తెచ్చాం.
2. యూవీ నీటిని సంప్‌లోంచి కాకుండా పగడాలున్న తొట్టిలోంచే తీసుకుని అక్కడికే వదిలాం.
3. ఈ కాలమంతా నీళ్ళు మార్చలేదు. మారిస్తే పోషకాలు మళ్ళీ సున్నాకి పడిపోతాయి.

జిగురు పోయింది. అప్పటినుంచి నైట్రేట్ 5 కన్నా తగ్గితే చేపలకు మేత పెంచుతున్నాం.

మొత్తం పెట్టుబడి: 3,880. మొదటినుంచి ఇప్పటిదాకా కరెంటు, ఉప్పు, రెసిన్ లాంటి నడిపే ఖర్చు: 420. రాబడి: 0.

దశ 3: ఆల్కలినిటీ, కోత

మా నాన్న భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు. ఫోన్లో ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఏమ్మా, ఆల్క్ ఎంతొచ్చింది?" ఆల్క్ అంటే ఆల్కలినిటీ, నీటిలో కరిగి ఉన్న కార్బొనేట్ల నిల్వ. చెరువుల వాళ్ళు దాన్ని పీపీఎంలో చెబుతారు, ఇక్కడ డీకేహెచ్ అనే కొలతలో. ఒక డీకేహెచ్ అంటే దాదాపు 18 పీపీఎం. మేం పట్టి ఉంచే 8 డీకేహెచ్ అంటే ఆయన లెక్కలో 143. ఈ లెక్క కుదిరాక ఆయన సలహాలు నాకు సూటిగా పనికొచ్చాయి. ముఖ్యంగా ఒకటి: "అంకె ఎంతన్నది తర్వాత, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతో చూడు."

రాతి పగడం పెరిగేకొద్దీ నీటిలోంచి ఆల్కలినిటీని, కాల్షియాన్ని లాగుతుంది. ఒక డీకేహెచ్ వాడితే దాంతోపాటు సుమారు 7 పీపీఎం కాల్షియం పోతుంది. మా 530 లీటర్లకు లెక్క ఇదీ:
- 1 డీకేహెచ్ పెంచాలంటే సోడా యాష్ 10 గ్రాములు.
- దానికి జతగా కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 14 గ్రాములు.
- రెండూ వేర్వేరు డబ్బాల్లో, వేర్వేరు సమయాల్లో. కలిపితే తెల్లగా గడ్డకడతాయి.

మొదట్లో రోజుకు 0.3 డీకేహెచ్ వాడకం. ముక్కలు పెరిగేసరికి 1.1 అయింది. ఈ రసాయనాలను కొలిచి పోసే డోసింగ్ పంపును ఆ మేరకు పెంచుకుంటూ వచ్చాం. ఆ తర్వాత వచ్చిన చిక్కును నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, పెంచి అమ్మేవాళ్ళకే వస్తుంది. పెద్ద మోంటిపోరాలు (ఒక రకం రాతి పగడాలు) కోసి, కొన్ని లోకల్ షాపుకి ఇచ్చాం. తొట్టిలో పగడం తగ్గింది, కోసినవి గాయం మానేదాకా పెరుగుదల ఆపాయి. వాడకం సగానికి పడిపోయింది. పంపు మాత్రం పాత లెక్కనే పోస్తూ ఉంది. ఆల్క్ 8.1 నుంచి 10.2కి ఎక్కింది, మిగిలిన మోంటిపోరాల అంచులు తెల్లబడ్డాయి.

ఇప్పుడు కోత రోజు పద్ధతి:
1. ముందు రోజు ఆల్క్ చూడాలి.
2. కోసిన సాయంత్రమే డోసింగ్ 40 శాతం తగ్గించాలి.
3. వారం రోజులు ప్రతి ఉదయం అదే సమయానికి పరీక్ష, దాన్నిబట్టి మెల్లగా పెంచడం.
4. ఒకే రోజు మొత్తం పగడంలో నాలుగో వంతుకు మించి కోయకూడదు.

కోతకు పనిముట్లు: మోంటిపోరాకి బోన్ కట్టర్ చాలు. కొమ్మలుగా పెరిగే హ్యామర్, టార్చ్ పగడాలకు తడి బ్యాండ్ సా (నీళ్ళు పడుతూ కోసే పట్టీ రంపం) కావాలి. కండకు అంగుళం కింద, రాయి మీద మాత్రమే కోయాలి. కట్టర్‌తో నొక్కితే రాయి పైదాకా చీలి కండలోకి వెళ్ళింది, ఆ తలలు బ్రౌన్ జెల్లీ (కండ కుళ్ళే జబ్బు) వచ్చి పోయాయి. సా సొంతంగా కొనలేదు, అవసరమైనప్పుడు అడిగి తెచ్చుకుంటున్నాం. ముక్కను ప్లగ్గుకి (చిన్న దిమ్మకి) అంటించడానికి సూపర్ గ్లూ జెల్.

జోయాంథిడ్ల (చాపలా పరుచుకుని పెరిగే, పగడాల్లాంటి మెత్తని జీవుల) గురించి విడిగా చెప్పాలి, ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. వీటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోం. వాటిని సాతో కోయం, చాపలాంటి ఆ పొరను బ్లేడుతో వేరుచేసి తీస్తాం. జోయాంథిడ్లు ఉన్న రాయిని బ్రష్‌తో రుద్దడం, వేడినీళ్ళు పోయడం, ఉడికించడం ఎప్పుడూ చేయొద్దు. ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలయిన సంఘటనలు ఉన్నాయి. ఈ పని జరిగేటప్పుడు పిల్లలు గ్యారేజీలోకి రారు. బల్లకు, గిన్నెలకు వంటింటితో సంబంధం లేదు. ఆ తర్వాత నోట్లో లోహపు రుచి, ఊపిరాడకపోవడం, కళ్ళమంట ఏది వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళి పాలీటాక్సిన్ పేరు చెప్పాలి. చాలామంది డాక్టర్లకు దాన్ని చూసే అవకాశం వచ్చి ఉండదు.

మొత్తం పెట్టుబడి: 5,280 (తల్లి పగడాలు, ఎనిమోన్లు 1,150, డోసింగ్ పంపు 190, రసాయనాలు 60 కలిశాయి). నడిపే ఖర్చు: 780. రాబడి: 0. షాపుకి ఇచ్చినవి డబ్బుకి కాదు, బదులుగా వేరే తల్లి పగడాలు తెచ్చుకున్నాం.

దశ 4: ఎనిమోన్లు

ఈ వ్యాపారాన్ని ఇవాళ నిలబెడుతున్నది ఇవే. మేం పెంచేది ఒకే జాతి, బబుల్ టిప్. శాస్త్రీయ నామం ఎంటాక్మేయా క్వాడ్రికలర్. ఎర్రవి, పచ్చవి, రెండు రంగులు కలిసినవి ఉన్నాయి. ప్రకృతిలోనే ఇది రెండుగా చీలి పెరుగుతుంది, అందుకే కోతకు తట్టుకుంటుంది. కార్పెట్ ఎనిమోన్ల మీద కత్తి పెట్టొద్దు. వాటిది వేరే స్వభావం, మామూలుగా కొని తెచ్చినవి బతకడమే కష్టం.

పగడాల తొట్టిలోనే వీటిని ఉంచినంత కాలం నష్టమే. ఎనిమోన్ నచ్చని చోట ఉండదు, రాత్రి నడుస్తుంది, దారిలో తగిలిన పగడాన్ని కుడుతుంది. ఒకటి వేవ్‌మేకర్‌లోకి (నీటిని కదిలించే పంపు) వెళ్ళి ముక్కలైంది. తెల్లారేసరికి నీళ్ళు పాలలా ఉన్నాయి, అమ్మోనియా కనిపించింది. సిద్ధంగా ఉంచుకున్న ఉప్పునీటితో సగం మార్చి, కొత్త కార్బన్ వేసి గట్టెక్కాం. అప్పటినుంచి 150 లీటర్ల ఉప్పునీరు ఎప్పుడూ కలిపి ఉంచుతున్నాం.

తర్వాత వాటికి వేరే నీళ్ళతో వేరే తొట్టి, 40 గ్యాలన్లది. పంపులన్నిటికీ ముతక స్పాంజి తొడుగులు, వారానికోసారి కడగాలి. రాళ్ళు లేవు, చిన్న పలకలు మాత్రమే. ఒక్కో ఎనిమోన్ ఒక్కో పలక మీద కాలూనితే, దాన్ని ఊడబెరకకుండా పలకతోనే పైకి తీయవచ్చు. ఈ ఒక్క మార్పుతో కాలు చిరగడం పోయింది. కాలు చిరిగిన ఎనిమోన్ తరచుగా కుళ్ళిపోతుంది. లైటును పార్ మీటరుతో (పెరుగుదలకు పనికొచ్చే వెలుగును కొలిచేది) కొలిస్తే వాటికి బాగున్నది 150 నుంచి 220 మధ్య. మీటరు అద్దెకు తెచ్చుకోండి, ఏడాదికి ఒకటి రెండు సార్లు పడే పనికి కొనక్కర్లేదు.

కోత ఫలితాలు:
- మొదటి విడత: 6 ఎనిమోన్లు, 12 సగాలు. బతికినవి 7. పోయినవి చాలావరకు కొత్తగా కొని తెచ్చి, ఇంకా రంగు పూర్తిగా తిరిగి రానివి.
- నాలుగు ముక్కల కోత: 3 ఎనిమోన్లు, 12 పావులు. బతికినవి 5. దీన్ని వదిలేశాం.
- పద్ధతి మార్చాక: 10 ఎనిమోన్లు, 20 సగాలు. బతికినవి 19.

ఇప్పటి పద్ధతి:
1. మా తొట్టిలో కనీసం మూడు నెలలు ఉండి, 5 అంగుళాలు దాటి, రంగు నిండుగా ఉన్నదాన్నే ఎంచుతాం. పాలిపోయినదాన్ని ఎప్పుడూ కోయం.
2. రెండు రోజుల ముందు మేత ఆపాలి. కడుపులో మేత ఉంటే కోసిన చోట కుళ్ళు పడుతుంది.
3. తడి ప్లాస్టిక్ పలక మీద నోరు పైకి ఉండేలా పరచాలి. కొత్త బ్లేడు, ఒకే కోత, సరిగ్గా నోటి మధ్య నుంచి కాలు వరకు. రంపంలా ఆడిస్తే అంచులు నలుగుతాయి. రెండు సగాలకూ నోటిలో భాగం, కాలులో భాగం రావాలి.
4. కన్నాల డబ్బాలో, నెమ్మదిగా నీరు కదిలే చోట పెట్టాలి. వేవ్‌మేకర్ ఎదురుగా పెట్టినవి అంచులు కలుపుకోలేక విచ్చుకుపోయాయి.
5. తాజా కార్బన్, స్కిమ్మర్ ఆపకుండా.
6. కోసిన అంచు లోపలికి ముడుచుకుని, గుండ్రంగా నోరు ఏర్పడేదాకా మేత వద్దు. సుమారు రెండు వారాలు. ఆ తర్వాత మైసిస్ రొయ్య చిన్న ముక్కలు.
7. ఎనిమిది వారాల లోపు అమ్మకం లేదు.

ఈ ఏడో నియమం దగ్గరే మా ఇంట్లో ఎక్కువ చర్చ జరిగింది. మూడు వారాలకే సగాలు గుండ్రంగా, ఆరోగ్యంగా కనిపిస్తాయి. కొనేవాళ్ళు ఫోటో చూసి అడుగుతారు. అలా ముందే ఇచ్చిన వాటిలో కొన్ని కొత్త ఇంట్లో వారానికే కరిగిపోయాయి. కొనుక్కున్నవాళ్ళ పిల్లలు తమ క్లౌన్ ఫిష్‌కి ఇల్లు వస్తుందని ఎదురుచూశారని తెలిసి మనసు కష్టమైంది, డబ్బు తిరిగిచ్చాం. బయటికి మానినట్టున్నా లోపల నిల్వ ఉండదు, కొత్త లైటుకి, కొత్త నీటికి అలవాటు పడే శక్తి అప్పటికి రాదు. ఎనిమిది వారాలు ఆగినవాటిలో ఆ ఫిర్యాదు రాలేదు. రెండున్నర అంగుళాల సగం మూడు నెలలకు నాలుగు అంగుళాలు అవుతుంది, ధర కూడా ఎక్కువ వస్తుంది.

మానుతున్న సగాల దగ్గర క్లౌన్ ఫిష్‌ని ఉంచొద్దు. ప్రేమగానే రుద్దుకుంటుంది గానీ, ఆ సగం ముడుచుకునే ఉండిపోతుంది.

మొత్తం పెట్టుబడి: 5,800. నడిపే ఖర్చు: 1,310. రాబడి: 640.

దశ 5: పురుగులు

మోంటిపోరాల అంచుల్లో తెల్ల మచ్చలు. ఆల్క్ సరిగ్గానే ఉంది. రాత్రి ఎర్ర టార్చితో ముక్క తిప్పి చూస్తే కింద కొద్ది మిల్లీమీటర్ల తెల్లటి న్యూడీబ్రాంకులు (గుల్ల లేని సముద్రపు నత్తలు), పక్కనే గుడ్ల గుత్తులు. పగడాన్ని ముంచి తీసే డిప్ ద్రావణాలు పురుగును చంపుతాయి, గుడ్డును చంపవు. ఒకసారి డిప్ చేసి ఊరుకున్నవాటిలో మళ్ళీ వచ్చాయి.

1. మోంటిపోరాలన్నీ తీసి, ప్లగ్గులు పారేసి, చచ్చిన అడుగు భాగం కోసేశాం.
2. విడి తొట్టిలో వారం వారం డిప్, ఆరు వారాలు.
3. పెద్ద తొట్టిలో ఆ కాలమంతా ఒక్క మోంటిపోరా కూడా లేదు. తిండి లేక మిగిలినవి పోయాయి.

మూడో వంతు మోంటిపోరాలు పోయాయి. ఇప్పుడు బయటినుంచి ఏది వచ్చినా, ఎంత నమ్మకమైన వాళ్ళు ఇచ్చినా, ఆరు వారాలు విడి తొట్టిలోనే.

మొత్తం పెట్టుబడి: 6,000. నడిపే ఖర్చు: 1,820. రాబడి: 1,480.

దశ 6: ఎండ, కరెంటు

జులైలో గ్యారేజీ 40 డిగ్రీలు దాటింది, నీళ్ళు 29.5కి వెళ్ళాయి. మేం పట్టి ఉంచేది 25.5. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) ఆలోచన వదిలేశాం, అది తొట్టిలోని వేడిని అదే గదిలోకి వదులుతుంది. తలుపుకు ఇన్సులేషన్, గోడకు మినీ స్ప్లిట్ ఏసీ పెట్టించాం. ఖరీదైన మార్పే గానీ ఇంకో దారి దొరకలేదు.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయింది. ఆ సమయంలో చాలామంది తొట్లు ఖాళీ అయ్యాయి. కరెంటు పోతే ముందు అయిపోయేది ఆక్సిజన్, వేడి తర్వాత. 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) లిథియం బ్యాటరీ అంటే సుమారు 1,280 వాట్ అవర్లు. రెండు వేవ్‌మేకర్లు కలిపి 30 వాట్లు. నష్టాలు పోను ఒకటిన్నర రోజు నీరు కదులుతుంది. వసంతంలో పిడుగుల వానకు రాత్రంతా కరెంటు లేనప్పుడు టెన్షన్ పడ్డాం గానీ ఒక్క ముక్క పోలేదు.

మొత్తం పెట్టుబడి: 8,100. నడిపే ఖర్చు: 2,400. రాబడి: 3,920.

దశ 7: పార్సిల్

ఇంటికి వచ్చి తీసుకెళ్ళే వాళ్ళతో సమస్య లేదు. రాష్ట్రం దాటించి రాత్రికి రాత్రి పంపడంలోనే నేర్చుకోవాల్సింది ఉంది. ప్లగ్గు అంచు సంచిని చీల్చింది, నీళ్ళు కారి రెండు పగడాలు ఎండాయి. ఆగస్టులో ఒక పెట్టె కొరియర్ దగ్గర ఒక రోజు ఆగింది. 14 జీవుల్లో 9 చచ్చాయి, మొత్తం డబ్బు తిరిగిచ్చాం.

1. పగడం ముక్కను చిన్న ప్లాస్టిక్ కప్పులో పెట్టి, కప్పును సంచిలో. రెండు సంచులు, ఒకటి తలకిందులుగా.
2. ఎనిమోన్ ఒక్కోటి విడి సంచిలో. మూడో వంతు నీరు, మిగతాది గాలి. రెండు రోజుల ముందు మేత బంద్.
3. చలికాలంలో హీట్ ప్యాక్ కాగితంలో చుట్టి మూతకు అంటించాలి, సంచికి తగలకూడదు. దానికి పనిచేయడానికి గాలి కావాలి, పెట్టెను పూర్తిగా టేపుతో మూసేయొద్దు.
4. సోమ, మంగళ, బుధవారాల్లోనే పంపడం. రెండు చివర్లలో ఎక్కడ ఎండ 35 డిగ్రీలు దాటేలా ఉన్నా ఆపడం, కొన్నవాళ్ళకి ముందే చెప్పడం.

సరుకుకు గిరాకీ ఉంది. 2018లో ఫిజీ, ఇండోనేషియా పగడాల ఎగుమతి ఆపినప్పుడు సముద్రపు సరుకు మీదే ఆధారపడిన షాపులు ఇబ్బంది పడ్డాయి. తర్వాత ఇండోనేషియా నుంచి పెంచిన పగడాలు మళ్ళీ మొదలైనా, దగ్గరలో పెరిగిన ముక్కల కోసం అడిగే షాపులు అలాగే ఉన్నాయి. సముద్రంలోంచి తీయకుండా పెరిగింది అమ్ముతున్నామన్నది నాకు పెద్ద తృప్తి. ప్రతి పెట్టెలో ఆ ముక్క ఏ తల్లి నుంచి, ఏ నెలలో కోసిందో చీటీ రాసి పెడతాను.

మొత్తం పెట్టుబడి: 8,480. నడిపే ఖర్చు: 3,100. రాబడి: 9,300. ఇంకా రావాల్సింది 2,280, మా ఇద్దరి శ్రమ లెక్కలో లేదు. రాబడిలో దాదాపు మూడింట రెండు వంతులు ఎనిమోన్లవే, కాబట్టి వచ్చే దశలో ఎనిమోన్లకే రెండో 40 గ్యాలన్ల తొట్టి పెడుతున్నాం. స్పాంజి తొడుగులు కొలతకు కుట్టి సిద్ధంగా ఉన్నాయి. నీళ్ళు పోసి, నైట్రేట్ 5 చూపించాకే మొదటి పలకలు దింపుతాం.